ఏడో రోజు

ఇరవై ఎనిమిదిన్నర డిగ్రీల నీళ్ళలో
చారల చేపలు నిద్ర లేచేవేళకి
కరకంబాడి రోడ్డు మీద టీకొట్టు ఇంకా తెరవరు.
ఏకాంబరం అప్పటికే వచ్చేసి ఉంటాడు.
పొదిగిన రొయ్యపిల్లల్ని గుడ్డలో వడగట్టి
తొట్టి తొట్టినీ పేరుపెట్టి పలకరిస్తూ మేత వేస్తాడు.
నేను తొట్లకు పెట్టినవి అంకెలు,
ఆయన పెట్టినవి మేనత్తల పేర్లు.

మంగళవారం నాలుగు చేపల గుండె కొస కోశాను.
ఆవగింజలో ఐదో వంతు.
మత్తునీళ్ళలోంచి తీసి, తడి స్పాంజి మీద వెల్లకిలా పెట్టి
ఊపిరి బిగబట్టి
ఒక్క కత్తెర.
నెత్తురు ఉబికింది, గడ్డకట్టింది.
మంచినీళ్ళలో వదిలితే కాసేపు అడుగున పడుకొని
సాయంత్రం మేతకు పైకొచ్చాయి.
ఆ రాత్రే గంగమ్మ జాతర చాటింపు.
చాటింపు విన్నాక పొలిమేర దాటకూడదని
చిత్తూరు బస్సు టికెట్ వదిలేసుకున్నాను.
చేపలున్నాయిగా అని అమ్మకు ఫోన్లో చెప్పాను.

"రెండు నెల్లకి మళ్ళీ మొలస్తాదా మేడం?"
మొలుస్తుంది.
"మచ్చ గూడా ఉండదా?"
ఉండదు.
చొక్కా రెండో గుండీ మీద చెయ్యి పెట్టుకున్నాడు.
పోయిన కార్తీకంలో వచ్చింది ఆయనకి.
గోడలో ఒక పక్క కదలడం లేదన్నాడట ఎకో తీసిన డాక్టరు.
"మరి మనకేల మొలవదు?
మన తలలో రాయడం మర్చిపోయినాడా?"

రాసే ఉంది.
ఎలా చెప్పాలో తెలీక జాతర ఎత్తుకున్నాను.
ఏకాంబరం అని ఒక్క గుడ్డ పేరు పెట్టుకొని
బైరాగివి, బండవి, తోటివి, దొరవి అవుతావు కదా,
మనిషివి నువ్వే కదా.
కంటిలో కణానికీ గుండెలో కణానికీ రాత ఒకటే,
ఎవరు ఎప్పుడు ఏ వేషమో
చెప్పేది పంబ.
అది రాతకు దూరంగా,
ఇన్నాళ్ళూ చెత్తని మేం ఊడ్చేసిన చోట కూర్చుంటుంది.
మోగిందా, వీధే వంగి
వేషగాడి గడపకి వస్తుంది.
అమ్మ కడుపులో గుండె కట్టేటప్పుడు మోగిన పంబ
మనం పుట్టిన కొన్నాళ్ళకే మూలకి చేరింది.
చేపకి దెబ్బ తగిలితే మళ్ళీ మోగుతుంది.
కొట్టుకునే కణం బిగించి కట్టుకున్న దారాలు వదులుచేసి,
వేషం విప్పి, పసిదై,
రెండవుతుంది.
ఆ తర్వాతే మళ్ళీ కట్టుకుంటుంది.

"అట్లయితే మనోడు ఇప్పడంలేదు" అన్నాడు,
అంతే, ఇంకేం అడగలేదు.

శుక్రవారం ఆయనకు సెలవు.
తాతయ్యగుంట వీధిలో ఒళ్ళంతా బొగ్గు, నడుముకి వేపమండలు,
తోటి వేషం నా ఎదురొచ్చింది.
ఆ రోజు తిట్టడమే మొక్కు, ఎవరినైనా తిట్టొచ్చు.
ఆరేళ్ళుగా మేడం అన్న నోరు
"ఒసే చేపలదానా" అనింది,
"చేప గుండెకి చాకిరీ చేసి చేసి నా గుండె ఎండిపాయె,
దానికి మొలిపిస్తివి, నాకెప్పుడే, నీ కత్తెర కాలిపోనూ!"
చుట్టూ నవ్వారు. నేనూ నవ్వాను.
బొగ్గు మధ్య కళ్ళు మాత్రం తెల్లగా,
నిజంగానే అడుగుతున్నట్టు.

మంగళవారం, ఏడో రోజు.
ఊరంతా గంగమ్మ గుడి దగ్గర.
నేను చీకటి గదిలో, సూక్ష్మదర్శిని ముందు,
కోసిన అంచున పచ్చగా వెలిగే చుక్కల్ని లెక్కపెడుతున్నాను.
నలభై ఒకటి. ముప్పై ఎనిమిది. యాభై రెండు.
నాలుగో చేపలో మూడే.
ఎందుకో తెలీదు. మళ్ళీ లెక్కపెట్టినా మూడే.

బుధవారం ఆయన తెల్లచొక్కాలో వచ్చాడు,
చెవి వెనక ఇంకా బొగ్గు.
పేపరు పొట్లంలో చిటికెడు మట్టి,
తెల్లారుజామున తెగిన గంగమ్మ చెంపది.
"నాలుగో దాని తొట్లో ఏసేదా మేడం?"
వద్దు ఏకాంబరం, నీళ్ళు పాడవుతాయి.
సరేనన్నాడు.
రెండో గుండీ విప్పి
ఆ చిటికెడూ లోపల రాసుకొని
గుండీ పెట్టుకొని
రొయ్యపిల్లల్ని వడగట్టడానికి వెళ్ళాడు.